రగ్గులకు చలి వేస్తుందా?

“నిప్పు గడప దాటి లోపలికి రాకూడదు. వచ్చిందంటే నా ఉద్యోగం పోద్ది.”

“నీ ఉజ్జోగం పోతే గవుర్మెంటోళ్లు మళ్లీ ఇత్తారు. నా కోడలు పోతే ఎవుడిత్తాడు?”

“ఆ మాటలేటి దేవలమ్మా, పురిటిగది గుమ్మంలో! లోపల ఆక్సిజను బండ ఉంది, స్పిరిట్ సీసాలున్నాయి. పసిగుంటకి పొగ తగిలితే ఏటవుద్ది?”

“సలి తగిలితే ఏటవుద్ది, అది సెప్పు ముందు. నన్ను మెంబర్ని సేసినారు గదా? ఏలిముద్ర ఏయించుకున్నారు గదా? గెడ్డ కాడ నీకు సెప్పిన మాట ఏటి సేసినావు ఆయమ్మా? రాయించినావా, మింగేసినావా?”

ఈ తగువు జరిగింది ఏజెన్సీలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ప్రసవాల గది గుమ్మం దగ్గర, పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం. గుమ్మానికి ఇవతల నేను రెండు చేతులూ చాపి నిలబడ్డాను. అవతల దేవలమ్మ రెండు చేతులతో నిప్పుల కుండ పట్టుకుని నిలబడింది. లోపల ఆమె కోడలు సుక్రి ఆడపిల్లను కని మూడు గంటలైనా కాలేదు. పలచటి చీర కొంగు కప్పుకుని, పళ్లు కొట్టుకుంటూ మంచం మీద ముడుచుకుపోయి ఉంది. నెత్తురు బాగా పోయింది కాబట్టి మర్నాటి దాకా కదలకూడదని డాక్టరుగారి ఆర్డరు. నిప్పు లోపలికి రానివ్వకపోతే తల్లినీ పిల్లనీ జీపెక్కించి ఇంటికి తీసుకుపోతానని దేవలమ్మ పంతం. పై ఊళ్లకు పోయే ఆఖరి జీపు అప్పటికే రోడ్డు మీద హారను కొడుతోంది.

ఎవరి తప్పు ఎంతో తేలాలంటే నా ఉద్యోగం సంగతి కొంచెం చెప్పాలి.

నేను ఆ ఆసుపత్రికి బదిలీ మీద వెళ్లింది తొంభైల చివర్లో. జి.మాడుగుల నుంచి జీపులో ఇంకా పైకి పోవాలి. కింద మైదానంలో పుట్టిపెరిగి, అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. నా పోస్టు పేరు కాగితాల మీద ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ, పొట్టిగా ఎఫ్.ఎన్.ఓ. నోటి మీద మాత్రం ఆయమ్మ. అంతస్తుల్లో పైన మెడికలాఫీసరుగారు, ఆయన కింద స్టాఫ్ నర్సు, ఆమె కింద ఊళ్లు తిరిగే ఏ.ఎన్.ఎం.లు, అందరికంటే కింద మేము. కాన్పుకు సామాను ఉడకబెట్టడం, కాన్పయ్యాక గది కడగడం, మైల బట్టలు ఉతకడం, మంచాలు సర్దడం మా పని. అన్నిటికంటే కిందివాళ్లం కాబట్టి తాళంచెవులన్నీ మా దగ్గరే ఉండేవి. పైవాళ్లు బదిలీ అవుతూ ఉంటారు, తాళాలు అక్కడే ఉంటాయి.

నేను వెళ్లిన రెండో ఏడు మా ఇండెంటు మీద డజను ఎర్ర రగ్గులు వచ్చాయి. ఇండెంటు అంటే ఫలానా సామాను కావాలని పైకి రాసే కోరిక. మేము దుప్పట్లు అడిగితే వాళ్లు రగ్గులు పంపడం నా సర్వీసులో అదొక్కసారే. మందపాటి ఉన్ని, అంచున నల్ల చార. వాటితో పాటు వేడినీళ్ల రబ్బరు సంచీ ఒకటి, అట్టపెట్టెలో.

రగ్గు ఆసుపత్రిలోకి రావడం తేలిక. బయటికి పోవడమే కష్టం. చిరిగిన రగ్గును చిరిగిందని పారేయడానికి లేదు. చిరిగిందని ముందు కాగితం రాయాలి. ఏడాదికోసారి వచ్చే తనిఖీవాళ్లకు దాన్ని విప్పి చూపాలి. ముగ్గురు చూసి ముగ్గురూ సంతకం పెట్టాలి. దీన్ని కండెమ్ చేయడం అంటారు. ఆ మూడో సంతకం పడేదాకా అది ఎన్ని చిల్లులున్నా మంచి రగ్గే. రగ్గు కనబడకపోతే జవాబు చెప్పాల్సింది దాని తాళం ఎవరి దగ్గర ఉందో వాళ్లు.

వాడని రగ్గు చిరగదు. నా పుట్టింట్లో పండగ చీరను అమ్మ ఇలాగే కాపాడేది, మా అత్తగారూ ఇలాగే కాపాడారు. నేను ఆ డజను రగ్గుల్నీ మడతల మధ్య ఎండిన వేపాకు వేసి ఇనప బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగున ముడి వేసుకున్నాను. ఆఫీసరు ఎవరైనా వస్తున్నారని కబురు రాగానే తీసి మంచాల మీద పరిచేదాన్ని. మంచం మీద రోగి ఉంటే, “అంచున కూసోండి, నలపకండి, దొరగారెళ్లేక తీసేత్తాను,” అని చెప్పేదాన్ని. పాపం అలాగే కూర్చునేవారు. ఆఫీసరుగారు వరండా చివరి నుంచే ఎర్రగా మెరుస్తున్న మంచాలు చూసి సంతోషించేవారు. విజిటర్ల పుస్తకంలో ‘సామగ్రి నిర్వహణ ప్రశంసనీయం’ అని ఇద్దరు ఆఫీసర్లు రాశారు. ఆ రెండు పేజీలూ డాక్టరుగారు నాకు చదివి వినిపించారు. నేను కూడా కూడబలుక్కుని ఇంకోసారి చదువుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. ఆసుపత్రిని బాగుచేసే పనిలో రోగులను కూడా కలుపుకోవాలి, దానికో కమిటీ వేయాలి. డాక్టరుగారు అధ్యక్షుడు, సర్పంచి, బడి పంతులు, రోగుల తరఫున ఇద్దరు, అందులో ఒకరు తప్పకుండా ఆడమనిషి. పేర్లు పంపడానికి గడువు ఆ సాయంత్రమే. కాగితం మాకు చేరింది ఆ మధ్యాహ్నం. అది మలేరియా కాలం. దేవలమ్మ వేలి నెత్తురు పరీక్షకిచ్చి, రిజల్టు కోసం వరండాలో గోడకానుకుని కూర్చుని ఉంది. డాక్టరుగారు వరండాలోకి తొంగిచూశారు. ఆడమనిషే, రోగే. జ్వరానికని వచ్చిన మనిషి మాత్రలతో పాటు మెంబరుగిరీ కూడా పుచ్చుకుని ఇంటికి వెళ్లింది.

ఆమెకు అరవై దాటి ఉంటాయి. కాఫీ తోటలో పళ్లు కోసేది, మిరియాలు ఎండబెట్టేది, ఇంట్లో మాటంతా ఆమెదే. సంతలో ఆమెతో బేరమాడిన షావుకారు రెండోసారి బేరమాడడు.

అలాంటి మనిషి కమిటీ మీటింగులో ఎలా కూర్చుందనుకున్నారు? కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది, నా రగ్గుల పక్కన రోగులు కూర్చున్నట్టు. డాక్టరుగారు కుర్రాడు, మనసు మంచిది. మెత్తగా అడిగారు.

“మందులు ఎలా ఉన్నాయమ్మా?”

“బాగున్నాయి బాబూ.”

“సిస్టరుగారు బాగా చూస్తున్నారా?”

“బాగా సూత్తన్నారు.”

“మంచాలు, గదులు?”

“బాగున్నాయి.”

“ఏదైనా లోపం ఉంటే చెప్పాలి. భయపడకు. ఈ ఆసుపత్రి మీది.”

“లోపమేటి బాబూ. అంతా బాగుంది.”

రెండో రోగి మెంబరు, ముసలాయన, “అదే,” అన్నాడు. డాక్టరుగారు మినిట్స్ పుస్తకంలో రాసుకున్నారు. మినిట్స్ అంటే మీటింగులో ఎవరేమన్నారో రాసే పుస్తకం. పంతులుగారు పూలకుండీలు కావాలన్నారు. సర్పంచిగారు బోర్డు మీద తన పేరు ఉండాలన్నారు. ముందు గోడ మీద ‘మీ ఆసుపత్రి – మీ మాట’ అని నీలం రంగుతో రాయించాలని తీర్మానమైంది. ఆ గోడ ఒక్కటే వారం తిరక్కుండా బాగుపడింది.

మీటింగయ్యాక డాక్టరుగారు నన్నడిగారు, వీళ్లు నోరు విప్పరెందుకని. నాకు తెలుసు. అన్నేళ్లలో నేను గమనించిన పద్ధతి ఒకటుంది. మా మైదానంలో తప్పు చేసినవాడి గుమ్మంలోకే పోయి దులిపేస్తాం. ఆ కొండ మీది వాళ్లు అలా చేయరు. ఒకరి ఇంట్లో వాళ్ల చాప మీద కూర్చుని, ఆ ఇంటి తప్పు ఎంచడం వాళ్ల దృష్టిలో ఉమ్మేయడంతో సమానం. చెప్పాల్సిన మాట ఉంటే సాగనంపేటప్పుడు దారిలో చెప్తారు. మన కుర్చీలో కూర్చోబెట్టి మన తప్పు చెప్పమంటే వాళ్లు చచ్చినా చెప్పరు. ఇదంతా నేను డాక్టరుగారికి చెప్పి ఉండవచ్చు.

“లోపం లేక సెప్పలేదు బాబూ,” అన్నాను.

నెల తర్వాత టీకాల పెట్టె మోసుకుని ఏ.ఎన్.ఎం.తో దేవలమ్మ ఊరు వెళ్లాను. టీకాలయ్యాక ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి చోడి అంబలి, అదే రాగి అంబలి, పోసింది. ఏ.ఎన్.ఎం. పక్క వాడకు వెళ్లింది. నేను ఒక్కదాన్నే బయల్దేరితే దేవలమ్మ సాగనంపడానికి నా వెంట వచ్చింది. ఊరవతల చిన్న గెడ్డ ఉంది, మోకాల్లోతు నీళ్లు. అక్కడ ఆగింది.

“ఇక్కడ నీ ఇల్లూ కాదు, నా ఇల్లూ కాదు. ఒక మాటడుగుతాను, కోపం రాకూడదు.”

“అడుగు.”

“నీ బీరువాలో రగ్గులకి సలేత్తాదా అమ్మా?”

“ఏటమ్మా ఆ మాట?”

“మరేటి! మా గుంటలు కాన్పుకొచ్చి మంచమ్మీద వణికిపోతారు. ఆఫీసరొచ్చినపుడు మంచమ్మీదకి రగ్గులొత్తాయి. ఆఫీసరేటి, మంచమ్మీద తొంగుంటాడా? మా ఇంటికాడైతే బాలింత పక్కన నిప్పుంటాది. నీకాడ నిప్పూ నేదు, రగ్గూ నేదు. అందుకే పుష్యమాసంలో ఏ గుంటా నీ ఆసుపత్రికి రాదు.”

తర్వాత గొంతు తగ్గించింది. సుక్రి తొలిచూలు ఇంటి దగ్గరే పోయింది. ఈసారి ఆసుపత్రిలోనే కనాలని డాక్టరుగారు చెప్పారు. నెలలు పుష్యానికి నిండుతాయి. “తెత్తాను. సలి సంగతి మాత్తరం సూడు. కమిటీలో రాయించు,” అంది.

రాయిస్తానన్నాను. ఆమె గెడ్డ ఇవతలే నిలబడి, నేను దాటేదాకా చూసి వెనక్కు తిరిగింది.

రాయించలేదు. రాయిస్తే రగ్గులు బయటికి రావాలి. రగ్గులు బయటికి వస్తే నెత్తురు మరకలవుతాయి, ఉతికితే ఉన్ని పోతుంది, నిప్పురవ్వ పడితే చిల్లు పడుతుంది, ఒక రగ్గు ఎవరితోనో కొండ మీది ఊరికి పోతుంది, జవాబు నేను చెప్పాలి. రెండో మీటింగులో దేవలమ్మ నా వంక రెండుసార్లు చూసింది. నేను పూలకుండీల వంక చూశాను. డాక్టరుగారు మళ్లీ అడిగారు. ఆమె మళ్లీ “బాగుంది” అంది. మళ్లీ రాసుకున్నారు. మొత్తం కమిటీకి ఒక రోగి ఇచ్చిన ఒకే ఒక్క సలహా నా కొంగున, తాళంచెవి పక్కనే ముడిపడి ఉండిపోయింది.

ఇక పుష్యమాసం. ఆడిన మాట ప్రకారం దేవలమ్మ సుక్రిని నొప్పులతో తెల్లవారుజామునే జీపులో తెచ్చింది. మధ్యాహ్నానికి కాన్పయింది. తల్లికి సెలైను పెట్టి, స్టాఫ్ నర్సు భోజనానికి వెళ్లింది. వంకాయంత పిల్ల, గొంతు మాత్రం గట్టిది. మర్నాడు ఉదయం డివిజను నుంచి ఆఫీసరుగారు వస్తున్నారు, రోగుల కమిటీ ఎలా పనిచేస్తోందో చూడటానికే. నా రగ్గులు మర్నాటికి సిద్ధంగా ఉన్నాయి. అంతకు ఒక్క పూట ముందు వాటిని పాడుచేయడం నాకు ఇష్టం లేదు. ఆ సమయానికి దేవలమ్మ పెరట్లో పుల్లలు రాజేసి, కుండ నిండా నిప్పులతో గుమ్మంలోకి వచ్చింది. మొదట చెప్పిన తగువు అదే.

గొంతులు విని డాక్టరుగారు ఓ.పి. వదిలి వచ్చారు.

“ఏమిటమ్మా గొడవ? గెడ్డ దగ్గర చెప్పిన మాట ఏమిటి?”

దేవలమ్మ చెప్పేస్తుందనుకున్నాను. ఆమె నిప్పుల కుండ కింద పెట్టి, ముందు ఇంకో సంగతి చెప్పింది.

“బాబూ, ఇన్నాళ్లూ ఇది మీ ఇల్లు. మీ ఇంట్లో కూకుని మీ తప్పు సెప్పకూడదని ఊరుకున్నాను. ఇయ్యాల నా మనవరాలు ఈ గదిలో పుట్టింది. దాని బొడ్డు ఇక్కడే కోసినారు. ఇంక ఇది మా ఇల్లు కూడా. మా ఇంట్లో తప్పు నేనే సెప్తాను, ఎవురాపుతారో సూత్తాను.” నా కొంగు వైపు గడ్డం ఎగరేసింది. “ఆ బీరువాలో రగ్గులకి సలేత్తాదేమో ఆయమ్మనడుగు.”

డాక్టరుగారు నన్ను చూశారు, బీరువాను చూశారు, సుక్రిని చూశారు. ఆయన పెద్దగా తిట్టే మనిషి కాదు.

“నిప్పు లోపలికి వద్దమ్మా, అది ఆయమ్మ చెప్పింది నిజమే. ఆయమ్మా, తాళం తియ్యి,” అన్నారు.

రోడ్డు మీద జీపు ఇంకోసారి హారను కొట్టింది. దేవలమ్మ లోపలికి వచ్చి కోడలి భుజం కింద చెయ్యి వేసింది. సుక్రి లేవబోయింది. లేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఘాట్ మలుపుల్లో, జీపు వెనక చెక్క మీద, నెత్తురు పోయిన బాలింతలు ఏమయ్యారో అంతకు ముందు రెండుసార్లు చూశాను. వాళ్ల మంచాలు కడిగింది నేనే.

కొంగు ముడి విప్పాను. ముడి బిగిసిపోయి త్వరగా రాలేదు, పంటితో లాగాల్సి వచ్చింది.

బీరువాలోంచి రెండు రగ్గులు తీసి, వేపాకు దులిపి, సుక్రికి కప్పాను. దేవలమ్మ చెయ్యి తీసింది. డాక్టరుగారికి అప్పుడు గుర్తొచ్చింది.

“వేడినీళ్ల సంచీ కూడా ఉండాలి కదా?”

ఉంది. అట్టపెట్టె అట్టపెట్టెలాగే ఉంది. లోపల సంచీ రెండు పక్కలూ ఒకదానికొకటి కరుచుకుపోయాయి. విప్పబోతే పిండిలా రాలింది. ఒక్కసారి కూడా వాడని వస్తువు అది. వాడని రగ్గు చిరగదన్న నా సిద్ధాంతం రబ్బరుకు వర్తించదని ఆ రోజు తెలిసింది.

దేవలమ్మ ఆ రాలిన రబ్బరు చూసి నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు బాగుండేది.

“బాగా దాసినావు,” అని పెరట్లోకి నడిచింది. గుండ్రటి గెడ్డ రాళ్లు నాలుగు ఏరి నిప్పుల పక్కన పెట్టింది. వేడెక్కాక నేను రెండింటిని గోనెగుడ్డలో మూడు చుట్లు చుట్టి, చేత్తో పట్టి చూసి, సుక్రి కాళ్ల దగ్గర పెట్టాను. అవి చల్లారేసరికి ఇంకో రెండు. నిప్పు బయటే ఉంది, వేడి లోపలికి వచ్చింది. జీపు ఖాళీ చోట్లతో వెళ్లిపోయింది. దీపాలు పెట్టే వేళకు సుక్రి వణుకు ఆగింది, పిల్లకు పాలిచ్చింది.

పాతికేళ్లు దాటిన సర్వీసులో నేను నేర్చుకున్నవాటిలో ఇది ఒకటి. రోగిని సలహా అడగాలంటే ఏం అడుగుతున్నామన్నది చివరి సంగతి. ఎవరి చాప మీద కూర్చోబెట్టి అడుగుతున్నామన్నది ముందు చూసుకోవాలి. ఆ సలహా వెళ్లి ఎవరి చేతిలో పడుతోందన్నది కూడా చూసుకోవాలి. మా ఆసుపత్రిలో అది నా చేతిలో పడింది, కాబట్టి బీరువాలోకి వెళ్లింది. మందుల కొరత పైవాళ్ల వల్ల వస్తుంది. రగ్గులుండగా చలి వేయడం మాత్రం మా బోటి వాళ్ల వల్లే.

మర్నాడు ఉదయం నేను లేచేసరికే దేవలమ్మ లేచి ఉంది. మరకలైన రగ్గును బూడిద వేసి ఉతికి, ఎండ ముందుగా పడేది అక్కడే కాబట్టి ముందు గోడ మీద ఆరేసింది. ‘మీ ఆసుపత్రి’ అన్నది రగ్గు కిందికి పోయింది, ‘మీ మాట’ మిగిలింది. ఆఫీసరుగారి జీపు సరిగ్గా దాని ముందు ఆగింది.

ఆయన దిగి రగ్గును చూశారు. బీరువాను చూశారు, తెరిచి ఉంది, మడతలు చెదిరి ఉన్నాయి. సామగ్రి నిర్వహణలో అశ్రద్ధకు సంజాయిషీ ఇమ్మని నాకు మెమో రాశారు. తర్వాత మినిట్స్ పుస్తకం తిరగేసి, దేవలమ్మను పిలిచారు.

“ఆసుపత్రి ఎలా ఉందమ్మా?”

డాక్టరుగారు ఆమె వంక ఆశగా చూశారు. నేను నేల వంక చూశాను. దేవలమ్మ మెంబరు కుర్చీలో ఈసారి వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఇంటికొచ్చిన మనిషి ముందు ఇంటి తప్పు చెప్పడం కూడా ఆ కొండ మీద పద్ధతి కాదు.

“బాగుంది బాబూ,” అంది.

ఆయన సంతోషించి, ‘రోగుల భాగస్వామ్యం సంతృప్తికరం’ అని రాసి సంతకం చేసి వెళ్లారు.

తొమ్మిది గంటల జీపులో డాక్టరుగారు దగ్గరుండి సుక్రిని ముందు సీట్లో కూర్చోబెట్టారు. పిల్ల నిద్రపోతోంది. దేవలమ్మ వెనకెక్కింది. నేను మెమో అందుకున్నట్టు సంతకం పెట్టాను. కొంగున ఉన్న తాళంచెవిని తీసి, ప్రసవాల గదిలో అందరికీ అందే మేకుకు తగిలించాను. బయటికి వచ్చి రగ్గును పట్టి చూశాను. ఇంకా ఆరలేదు.